శిఖరం కదిలిన రాత్రి

నిన్న రాత్రి పదకొండున్నరకి ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని, స్క్రీన్ మీద ఒక గీత కిందికి వంగడం చూశాను. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

నా పని లాంథనమ్ కాల్షియం మాంగనైట్ అనే ఆక్సైడ్ మీద. లేజర్‌తో దాన్ని ఆవిరి చేసి, స్ట్రాన్షియం టైటనేట్ స్ఫటికం మీద వంద నానోమీటర్ల పొరగా వేస్తాం. పొర బాగా కుదిరితే, చల్లబరిచేటప్పుడు సుమారు 250 కెల్విన్ (మైనస్ 23 డిగ్రీల సెల్సియస్) దగ్గర రెసిస్టెన్స్, అంటే కరెంటుకి ఎదురయ్యే అడ్డు, శిఖరానికి చేరి, ఆ తర్వాత లోహంలో లాగా పడిపోతుంది. అయస్కాంతత్వం మొదలయ్యేదీ దాదాపు అక్కడే. పక్కపక్కనున్న మాంగనీస్ పరమాణువుల స్పిన్‌లు (వాటిలోని బుల్లి అయస్కాంతాలు అనుకోండి) ఒకే వైపు తిరిగితేనే ఎలక్ట్రాన్ మధ్యలోని ఆక్సిజన్ మీదుగా సులువుగా దూకగలదు మరి. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ఈ ఒక్క విషయం వల్లే.

రెండు నెలలుగా నా శిఖరం 150 కెల్విన్ దగ్గరే ఆగిపోయేది. రెసిస్టెన్స్ కొలిచే నాలుగు కాంటాక్టులూ తీసి మళ్లీ పెట్టాను, సిల్వర్ పేస్ట్ మార్చాను. ఎక్స్‌రేలో తప్పేమీ కనిపించలేదు. ఒకటే టెన్షన్. చివరికి మా సీనియర్ అక్క, "ఆక్సిజన్ చాల్లేదేమో, ఒకసారి ఆనీల్ చేసి చూడు" అంది. ఆనీల్ అంటే వేడిలో చాలాసేపు ఉంచడం. ఆక్సిజన్ పారే ఫర్నేస్‌లో రాత్రంతా ఉంచాను.

నిన్న అదే ముక్క శిఖరం 240 దగ్గరికి వచ్చింది! అయస్కాంత క్షేత్రం పెట్టగానే శిఖరం అణిగింది. 1994లో ఇలాంటి పొరల్లోనే రెసిస్టెన్స్ వెయ్యి రెట్లకు పైగా మారడం చూసి దీన్ని 'కొలోసల్', అంటే బ్రహ్మాండం, అన్నారు. నాకు అంత రాలేదు, అయినా కళ్లు చెమర్చాయి. అక్కకి అప్పుడే ఫోన్ చేశాను, నిద్రలోంచి లేచి మరీ గ్రాఫ్ పంపమంది.