బీఎన్‌పీ పెరిగిందని బస్సెక్కబోయాం (నా అనుభవం)

మాది కర్నూలు. పోయినేడు సంక్రాంతి అయిన వారానికి మా నాయనకి కాళ్లు వాచినాయి, రాత్రయితే పడుకోలేక మంచం మీద కూర్చునే ఉండేవాడు, మేమేమో గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాపుకుంటా కూర్చున్నాం. గుండెకి ఎకో (స్కానింగ్) తీస్తే పంపింగ్ 30 శాతమే అన్నారు. షుగర్ ఎట్లాగూ పాతదే. డిశ్చార్జ్ రోజు బీఎన్‌పీ (గుండె మీద భారం పడితే రక్తంలో పెరిగేది) 480.

సాకుబిట్రిల్-వల్సార్టాన్, మెటోప్రొలాల్ అనే గుండె మందులు, ఇంకా రెండు మూడు రాసిచ్చి, రోజూ పొద్దున బరువు చూడమన్నారు, ఊరగాయ బంద్ అన్నారు (ఈ ఒక్కదానికే మా నాయన ఏడ్చినంత పని చేసినాడు). ఆరు వారాలకి వాపు పోయింది, 68 కిలోల మనిషి 63కి వచ్చినాడు, కొండారెడ్డి బురుజు దాకా నడిచి ఉగ్గాని తినొచ్చేవాడు. ఇంత బాగున్నాక దగ్గర్లోని ల్యాబ్‌లో మళ్లీ బీఎన్‌పీ టెస్ట్ చేయిస్తే 570! మాయమ్మ ఏడుపు, మా బావ హైదరాబాద్ బస్సుకి టికెట్లు కూడా చూసేసినాడు.

డాక్టర్ సార్ రిపోర్ట్ చూసి నవ్వినాడు. చీటీ వెనక ఒక గీత గీసి, గుండె గోడ సాగితే ప్రోబీఎన్‌పీ అని 108 పూసల దండ లాంటి ప్రొటీన్ తయారైతాది, అది ఒంట్లోనే రెండు ముక్కలైతాది, 32 పూసల చిన్న ముక్క బీఎన్‌పీ, 76 పూసల పెద్ద ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అన్నాడు. చిన్న ముక్క మంచిదే, ఉప్పునీ నీళ్లనీ బయటికి పంపిస్తాది. నెప్రిలైసిన్ అనే ఎంజైమ్ దాన్ని కొరికేస్తా ఉంటే, మీ నాయన మింగే సాకుబిట్రిల్ ఆ ఎంజైమ్‌నే ఆపుతాది, ఇంక అది రక్తంలో పెరగదా? పెద్ద ముక్క జోలికి నెప్రిలైసిన్ పోదు, ఈ మందు వాడేవాళ్లకి అదే చూడాలి. ల్యాబ్‌లో ఒక్కరూ ఈ మాట చెప్పలా, నేనూ అడగలా.

పనిలో పనిగా, వీక్ గుండెకి స్పీడ్ తగ్గించే మెటోప్రొలాల్ ఎందుకు సార్ అనడిగినా. గుండె నీరసపడితే ఒళ్లు అడ్రినలిన్ లాంటివి ఆపకుండా వదుల్తాది, దాంతో కణాల్లో ప్రొటీన్లకి ఫాస్ఫేట్ అతుకులు పడే లెక్క తప్పుతాది, కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ, అలిసిన ఎద్దుని చర్నాకోలతో కొట్టినట్టు, ఆ దెబ్బ ఆపేదే ఈ బిళ్ల అన్నాడు. రాత్రి ఫోన్‌లో చదివితే, ఫాస్ఫోలాంబాన్ అని క్యాల్షియం పంపుకి బ్రేక్ లాంటిదొకటి ఉందంట, ఫాస్ఫేట్ అతుక్కుంటేనే బ్రేక్ వదులైతాది, జబ్బు గుండెలో ఆ అతుకు తగ్గిపోతాదంట. ఈ అతకడం, ఊడదీయడం కనిపెట్టినందుకే క్రెబ్స్, ఫిషర్ అనే సైంటిస్టులకి 1992లో నోబెల్ వచ్చింది. ఆ మాటకొస్తే మూడు నెలల షుగర్ టెస్ట్ హెచ్‌బీఏ1సీ కూడా హిమోగ్లోబిన్‌కి చక్కెర అతుక్కోవడమే కదా, ఇన్నేళ్లూ నంబర్ చూసి ఫైల్లో పెట్టేసినాం అంతే.

ఎన్‌టీ-ప్రో చేయిస్తే మొదట 1,150, మూడు నెలలకి 620. ఫైల్ మీద ఎర్ర పెన్నుతో ‘ఎన్‌టీ-ప్రో మాత్రమే’ అని రాసి పెట్టినా. ఇప్పుడు సూది గుచ్చే పిల్లోడు చెయ్యి పట్టుకోంగానే మా నాయనే అడుగుతాడు, “ఏమప్పా, పెద్ద ముక్కేనా?”