శరత్కాలపు బొంత
వానలు తెరిపి ఇచ్చి, కాలువ గట్ల వెంట సార్వా చేలు పొట్టకు వచ్చే ఆశ్వయుజంలో మా ఇంట్లో బొంత పని మొదలవుతుంది. ఈ ఏడాది బొంతకు నిన్న రాత్రే చివరి అంచు కుట్టి, ముందుగదిలోని దివాను మీద పరిచాను.

పై పొరకు బంతిపువ్వు పసుపు, పండిన చేను రంగు, ముదురాకుపచ్చ ముక్కలను ఎంచుకున్నాను. ఇవన్నీ అమ్మ కట్టి విడిచిన నేతచీరలే. లోపల దూది పరిచేవారూ ఉన్నారు గానీ, తేమ వదలని ఈ కోనసీమ గాలిలో దూది ఒక పట్టాన ఆరదు కనుక, పాత చీరల మడతలే మేలని నా నమ్మకం.

ఎర్రచీరను విడిగా నానబెట్టకుండా కలిపి ఉతకడంతో రంగు దిగి, ఒక పసుపు చీర సగం పాడయింది. అమ్మ కార్తీక దీపాలు వదలడానికి గోదావరి రేవుకు కట్టుకెళ్లిన చీర అది. ఆ బాధ ఇంకా తీరలేదు.

పొరలు జరగకుండా ముందు టాకాలు వేసి, నడిమధ్య నుంచి అంచులవైపు కుట్టుకుంటూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే నడుమ గుడ్డ ఉబ్బి ముడత పడుతుంది. "కుట్టు చిన్నదైతే బొంత పదేళ్లు ఉంటుందమ్మా" అంటూ అత్తయ్యగారు నా పక్కనే కూర్చుని, బియ్యపు గింజంత కుట్లతో ఒక మూలంతా పూర్తిచేశారు. చుట్టూ నరసాపురం లేసు వేశాను. 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు దక్కినప్పుడు ఎంతో సంతోషించాను.

మరక పడని ఆ పసుపు కొంగును కార్తీక పౌర్ణమికి దేవుడి గది తెరగా కుడుతున్నాను.