ముల్లు సగంలోనే ఉంది, డీజిల్ మాత్రం లేదు

పీలేరు దాటాక బండి ఆగిపోయింది. తెల్లవారుజాము 4 గంటలు, వెనక 60 క్రేట్ల టమోటా, మీటర్లో ముల్లు సగం దగ్గర. టాంకి మూత తీసి పుల్ల పెట్టి చూస్తే తడి తగల్లేదు. ఎవరినో బతిమాలి క్యాన్లో డీజిల్ తెప్పించి పోశా. అంతటితో అయిపోలేదు, ఫిల్టర్ మీది చేతిపంపు నొక్కి నొక్కి లైన్లో గాలి తీస్తేగానీ స్టార్ట్ కాలేదు.

మీటరే పోయిందనుకున్నా. పాత సామాన్ల అంగట్లో 1,800 పెట్టి ఇంకోటి కొని బిగించా. అదీ సగమే చూపించింది! అప్పుడు మెకానిక్ భాయ్ షెడ్డుకు పోయా.

"టెంపరేచర్ ముల్లు బాగుందా సామీ?" అన్నాడు. బాగుందన్నా. "అయితే రెండిటికీ కరెంటు ఒకటే కాబట్టి డీజిల్ మీటరుకూ సరిగానే వస్తోంది, టాంకి దగ్గర చూద్దాం పా."

టాంకి మీది సాకెట్ పీకి, వైరు ముక్కతో రెండు పిన్నులూ ఒక్క క్షణం కలిపాడు. ముల్లు చివరంటా లేచింది. అంటే మీటరూ, వైరింగూ బాగున్నట్టే. (కంప్యూటరున్న కొత్త బండ్లకు ఈ పని చేయొద్దన్నాడు.) తర్వాత డీజిల్ ఎంతుందో మీటరుకు చెప్పే యూనిట్‌ను టాంకిలోంచి తీసి నా చేతికిచ్చాడు. ఫ్లోట్ (డీజిల్ మీద తేలే బుడ్డ) కమ్మిని పైనుంచి మెల్లగా దించుతుంటే సగం దగ్గర వేలికి పట్టేసినట్టు తగిలింది. వదిలేసినా కిందికి పడకుండా అక్కడే వేలాడుతోంది. ఇరుసు దగ్గర తుప్పు. యూనిట్ కొత్తది వేయించా, దాని కింది రబ్బరు వాషరు కూడా మార్చాడు, లేకపోతే డీజిల్ చెమ్మ కారుతుందట.

బండి అక్కడే ఉంది కదా అని బ్రేకు సంగతీ చెప్పా. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు గరగరమని ఒకటే శబ్దం. ముందు చక్రాల ప్యాడ్లే అరిగాయని నా అనుమానం. "ఖాళీ బండికీ వస్తోందా, లోడుకేనా?" అనడిగాడు. లోడుకే. లోడు బరువు వెనక చక్రాల మీదే కదా, ఆ మాట వినగానే వెనకవైపు జాకీ పెట్టించాడు. ఎడమ బ్రేకు డ్రమ్ము ఊడదీస్తే ఎర్రమట్టి, నల్లపొడి ముద్దకట్టి ఉన్నాయి. గాలిపైపు అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదట. తడిగుడ్డతో తుడిచాం. డ్రమ్ముకు రాసుకునే బ్రేకు షూల మీది లైనర్ అరిగి రివెట్లు పైకి తేలాయి, డ్రమ్ములో రెండు గీతలు పడ్డాయి, గోరు దిగేంత లోతు. అన్నాళ్లు ఆ బ్రేకుతోనే ఘాట్ దిగానంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆ గీతలు పోయేలా చెక్కించడానికి డ్రమ్ము లేత్‌కు పంపాం. చెక్కాక లోపలి వెడల్పు దాని మీద అచ్చేసిన కొలత దాటితే పారేయాల్సిందే, మాది దాటలేదు. షూలు రెండు పక్కలా మార్పించాడు. ఒక్క పక్కే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుందట.

మొన్న ముల్లు పావుకొచ్చింది. నమ్మకం కుదరక బంకులో ఫుల్ చేయించా. 60 లీటర్ల టాంకిలో 44 పట్టింది. 1,800 మీటరు ఇంకా సీటు కిందే ఉంది.