ఒప్పందంలో అందరూ దాటేసే పేజీలు

అమెరికాలో అరుదైన జంతువుల సంరక్షణ కోసం భూయజమానులు ప్రభుత్వంతో స్వచ్ఛందంగా కుదుర్చుకునే ఒప్పందాలను నేను కొంతకాలంగా ఓపికగా చదువుతున్నాను. మొదట్లో పిట్ట గురించో బల్లి గురించో రాసిన పేజీలను ఇష్టంగా చదివి, ఆ తరువాత వచ్చే ‘ఒప్పందం పరిధిలోకి వచ్చే పనులు’ అనే భాగాన్ని చకచకా తిప్పేసేవాడిని. పశువులను మేపడం, గడ్డి కోయడం, కంచె బాగుచేయడం, కలప నరకడం, కాలువకు నీరు మళ్ళించడం వంటి మాటల్లో చదవడానికి ఏముంటుందనిపించేది. ఇప్పుడు ఏ ఒప్పందం చేతికి వచ్చినా ముందు ఆ భాగమే తీస్తున్నాను. జంతువు పేరు మీద రాసిన ఆ పత్రాలు నిజానికి మనిషి తన నేల మీద రోజూ చేసుకునే పనుల గురించి రాసినవని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇలాంటి ఒప్పందాల అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే చట్టం దగ్గర మొదలుపెట్టాలి. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ 1973 డిసెంబరు 28న సంతకం చేశాడు. ఆ చట్టం కింద ప్రమాదంలో ఉన్నవిగా ప్రభుత్వం జాబితాకెక్కించిన జంతువును చంపడాన్ని తొమ్మిదో సెక్షన్ నిషేధించింది; దాన్ని పట్టడాన్ని, వేధించడాన్ని, దానికి హాని చేయడాన్ని కూడా నిషేధించింది. ‘హాని’ అనే మాటకు ఇచ్చిన వివరణలో, జంతువు చావుకో గాయానికో దారితీసేంతగా దాని ఆవాసాన్ని మార్చివేయడం కూడా చేరింది. 1995లో సుప్రీంకోర్టు ఆ వివరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. తుపాకీ ముట్టని రైతు కూడా తన చెట్లు తాను నరుక్కున్నందుకు నేరస్థుడు కావచ్చునన్నమాట. అమెరికా భూమిలో సగానికి పైగా ప్రైవేటు వ్యక్తుల చేతుల్లోనే ఉంది కనుక ఈ భయం కొద్దిమందికి పరిమితమైనది కాదు. ‘కాల్చు, పూడ్చు, నోరు మూసుకో’ అనే మొరటు సలహా పశువుల కాపరుల మధ్య సామెతలా చలామణి అయిందంటే దాని వెనుక ఉన్నది క్రూరత్వం కంటే భయమేనని నా అభిప్రాయం.

ఈ భయం అడవి మీద ఎలా పనిచేసిందో చూడాలంటే నార్త్ కరోలినాలోని సాండ్‌హిల్స్ ప్రాంతపు వడ్రంగి పిట్టను తలచుకోవాలి. ఎర్ర చెక్కిలి వడ్రంగి పిట్ట అని చెప్పుకోదగిన ఈ పక్షి చచ్చిన మానులను వదిలి, బతికి ఉన్న పైన్ చెట్టులోనే తొర్ర తొలుచుకుంటుంది. అదీ ముదురు చెట్టై ఉండాలి. సాధారణంగా ఎనభై ఏళ్ళు దాటి, లోపలి చేవ ఒక రకం బూజు పట్టి మెత్తబడిన చెట్టును అది వెతుక్కుంటుంది. ఒక తొర్ర పూర్తి కావడానికి ఏడాది నుంచి కొన్నేళ్ళు పడుతుంది. తొర్ర చుట్టూ అది చిన్న చిన్న గాట్లు పొడుస్తూ ఉంటే వాటిలోంచి కారిన బంక మాను పొడవునా తెల్లగా గడ్డకట్టి, దూరం నుంచి చూసేవారికి కరిగి కారిన కొవ్వొత్తిలా కనిపిస్తుంది. ఆ జిగురు చెట్టెక్కే పాములను ఆపుతుంది. అదే జిగురు భూయజమానికి మాత్రం ప్రమాద సూచికైంది. పిట్ట ఒకసారి కాపురం పెడితే ఆ చెట్లను ముట్టుకోవడం కష్టమవుతుంది కనుక, చుట్టుపక్కల పిట్టలున్న తోటల యజమానులు తమ పైన్ చెట్లను ముదరనివ్వకుండా ముందుగానే నరికించారని 2003లో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనం చూపించింది. ఎలుకలు చేరతాయేమోనని ముందే ఇల్లు తగలబెట్టుకున్నట్టున్నా, లెక్క చూసుకునే యజమానికి అది తెలివితక్కువ పనిగా కనిపించలేదు.

ఆ లెక్కను తారుమారు చేయడానికే 1995లో సాండ్‌హిల్స్‌లో సేఫ్ హార్బర్ (సురక్షితమైన రేవు) ఒప్పందం పుట్టింది. దాని కిటుకు చాలా సులువు. సంతకం చేసే రోజున ఆ భూమిలో ఎన్ని పిట్ట కుటుంబాలు ఉన్నాయో లెక్కించి, ఆ తొలి లెక్కను కాగితం మీద పెడతారు. ఉదాహరణకు అప్పుడు రెండు కుటుంబాలుండి, యజమాని శ్రద్ధ వల్ల పదేళ్ళకు ఐదయ్యాయనుకుందాం. పెరిగిన మూడింటి విషయంలో అతనికి కొత్త బాధ్యత ఏదీ అంటుకోదు, అవసరమైతే చట్టబద్ధంగా తొలి లెక్కకు తిరిగి వెళ్ళవచ్చు. దానికి బదులుగా అతను కొన్ని పనులు చేయడానికీ కొన్నింటిని ఒక పద్ధతిలో చేయడానికీ ఒప్పుకుంటాడు. కొన్నేళ్ళకొకసారి అదుపులో ఉంచిన మంటతో పొదలను కాల్చడం, పైన్ చెట్ల నడుమ ఎదిగే గట్టి కలప జాతుల మొక్కలను తొలగించడం, తొర్రలున్న చెట్లను వదిలి మిగిలినవాటిని పలుచన చేయడం, ఏప్రిల్ నుంచి జులై దాకా సాగే గూడు కాలంలో ఆ చెట్ల దగ్గర యంత్రాలు తిప్పకపోవడం వంటివి వాటిలో ముఖ్యమైనవి. సహజమైన తొర్రలు చాలని చోట చెట్టు మానును రంపంతో కోసి, ముందే తయారుచేసిన చెక్క గూడును అందులో బిగించే పద్ధతి కూడా ఉంది. 1989లో హ్యూగో తుపాను సౌత్ కరోలినాలోని తొర్ర చెట్లను కూల్చివేసిన తరువాత ఆ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది.

ఈ ఒప్పందాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపి చదివించిన పని రాలిన పైన్ ఆకులను పోగుచేయడం. లాంగ్‌లీఫ్ పైన్ సూదుల్లాంటి పొడవాటి ఆకులను పళ్ళ కర్రతో లాగి, మోపులు కట్టి, తోటల్లో మొక్కల మొదళ్ళకు కప్పడానికి అమ్ముతారు. కలప కోతకొచ్చే దాకా దశాబ్దాలు కాచుకోవలసిన యజమానికి నడుమ చేతికందే ఆదాయం అది. చెట్టును నిలబెట్టి ఉంచితేనే ఆకు రాలుతుంది కనుక పైకి చూస్తే పిట్టకు మేలే. అయితే పదేపదే నేలను గీకితే పాత పైన్ అడవి కింద పెరిగే వైర్‌గ్రాస్ వంటి గడ్డి దెబ్బతింటుంది, రాలిన ఆకు లేక నేల మంట సరిగ్గా పాకదు, మంట లేకపోతే పొదలు లేచి వడ్రంగి పిట్ట ఆ చోటును వదిలేస్తుంది. కాబట్టి ఈ పనిని నిషేధించినా తప్పే, అడ్డు లేకుండా వదిలినా తప్పే. ఎన్నేళ్ళకొకసారి గీకవచ్చు, ఏ భాగాల్లో గీకకూడదు అని తేల్చి రాసిన వాక్యం మీదే అక్కడి సంరక్షణ అంతా నిలబడి ఉంటుంది. అటువంటి వాక్యం రాయాలంటే రాసేవాడికి పిట్ట ఒక్కటే తెలిస్తే సరిపోదు, ఆకు మోపుల బేరం కూడా తెలిసి ఉండాలి.

సేఫ్ హార్బర్ ఒప్పందం, ప్రభుత్వ జాబితాలో ఇప్పటికే చేరిన జాతుల కోసం ఏర్పడింది. ఇంకా జాబితాకెక్కని, ఎక్కే ప్రమాదమున్న జాతుల కోసం మరో రకం ఒప్పందం ఉంది. రెండింటికీ 1999 జూన్‌లో విధానాలు ప్రకటించారు. ఈ రెండో రకంలో యజమాని ముందుగానే తన పనులను సరిదిద్దుకుంటాడు, దానికి ప్రతిగా రేపు ఆ జాతి జాబితాలో చేరినా ఒప్పుకున్నదానికి మించి నీ భూమి మీద గాని నీటి మీద గాని కొత్త ఆంక్ష పెట్టబోమని ప్రభుత్వం హామీ ఇస్తుంది. ఒరెగన్‌లోని హార్నీ కౌంటీలో సేజ్ గ్రౌజ్ పక్షి కోసం 2014లో కుదిరిన ఒప్పందం ఈ కోవలోనిది. అక్కడ స్థానిక మట్టి, నీటి సంరక్షణ జిల్లా అందరికీ కలిపి గొడుగులాంటి ఒక పర్మిట్‌ను (ఒప్పందంతో పాటు ప్రభుత్వమిచ్చే అనుమతి పత్రాన్ని) తీసుకుంటే, పశుపాలకులు ఒక్కొక్కరుగా తమ భూమికి తగిన ప్రణాళికతో దాని కిందికి వచ్చారు. తెలియని ప్రభుత్వోద్యోగి కంటే తెలిసిన స్థానిక సంస్థతో సంతకం పెట్టుకోవడం మనుషులకు తేలిక. ఈ చిన్న ఏర్పాటు ఎంత పని చేసిందో బయటివారు తక్కువగా అంచనా వేస్తారని నాకనిపిస్తుంది.

సేజ్ గ్రౌజ్ ఒప్పందాల్లో పనులు చాలా చిన్నవిగా కనిపిస్తాయి. వసంతకాలంలో మగ పక్షులు తెల్లవారకముందే, ఆడ పక్షులను ఆకర్షించడానికి గుంపుగా నాట్యమాడే స్థలానికి నేలకు దగ్గరగా ఎగురుతూ వస్తాయి. ఆ మసక వెలుతురులో ముళ్ళ కంచె తీగ కనబడక గుద్దుకుని చస్తాయి. దీనికి మందు, ఇంటి గోడలకు వాడే ప్లాస్టిక్ పట్టీలను మూడు అంగుళాల ముక్కలుగా కోసి పై తీగకు తగిలించడమే. అలాగే పశువుల నీటి తొట్టిలో పడిన పక్షి మధ్యలో ఈదదు, గోడ వెంబడే చుట్టూ తిరిగి అలసి మునిగిపోతుంది. అందువల్ల పక్షి ఎక్కి బయటపడేందుకు తొట్టిలో పెట్టే జాలీ మెట్టు గోడకు ఆనుకుని, అడుగుదాకా దిగి ఉండాలి. గోడకూ మెట్టుకూ మధ్య సందు ఉంటే పక్షి దాని వెనుకగా ఈదుకుంటూ పోతుంది. ‘తొట్టిలో మెట్టు పెట్టవలెను’ అని రాసిన ఒప్పందానికీ ‘గోడకు సందు లేకుండా మెట్టు పెట్టవలెను’ అని రాసిన ఒప్పందానికీ కొన్ని ప్రాణాల తేడా ఉంది. ఇక జునిపర్ చెట్ల నరికివేత వీటికంటే పెద్ద పని. చెట్లంటేనే మేలనుకునే మనకు వింతగా ఉంటుంది గాని, గద్దలకూ కాకులకూ కూర్చునే చోటిచ్చే జునిపర్ ఆ మైదానాల్లో 4 శాతం నేలను కమ్మేసరికే గ్రౌజ్ నాట్యస్థలాలు ఖాళీ అవుతున్నాయని పరిశోధకులు కనుగొన్నారు. పశువుల మేతకు కూడా జునిపర్ శత్రువే కాబట్టి పశుపాలకులు రంపం పట్టడానికి వెనుకాడలేదు. 2015 సెప్టెంబరులో ఈ పక్షిని జాబితాలో చేర్చనవసరం లేదని, ఆ జాబితాను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు నిర్ణయించినప్పుడు, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూముల కొత్త ప్రణాళికలతో పాటు ఇలాంటి ప్రైవేటు ప్రయత్నాలనూ లెక్కలోకి తీసుకుంది.

నీటి విషయంలో మోంటానాలోని బిగ్ హోల్ నదిలో గ్రేలింగ్ చేప కోసం 2006లో కుదిరిన ఒప్పందం గట్టిది. నది తగ్గినప్పుడు కాలువలోకి మళ్ళించే నీటిని తగ్గించడం, తూము దగ్గర కొలత సాధనం అమర్చడం, చేప దాటడానికి మెట్ల దారి కట్టడం, గట్టు వెంట కంచె వేసి పశువులను దూరంగా ఉంచడం అందులో ఉన్నాయి. పంట మీద నేరుగా పడే కోత కనుక అక్కడ సంతకం పెట్టడం కంచెకు ప్లాస్టిక్ ముక్కలు తగిలించినంత తేలిక కాదు.

నాకు నచ్చనివీ ఉన్నాయి. కొన్ని పత్రాల్లో ‘తగిన రీతిలో మేపవలెను’, ‘వీలైనంత వరకు ఆవాసాన్ని కాపాడవలెను’ వంటి మాటలు కనిపిస్తాయి. ఆ ‘తగిన’ అనే మాటను ఎవరు ఎలా కొలుస్తారు? మేత ముగిసేసరికి ఎన్ని అంగుళాల గడ్డి మిగలాలి, ఏ నెలలో ఏ గట్టు వైపు పశువులను తోలకూడదు, ప్రతి ఏడాది ఏ గుంజ దగ్గర నిలబడి ఏ దిక్కుకు ఫోటో తీయాలి అని రాస్తే యజమానికీ తనిఖీకి వచ్చినవారికీ తగవు ఉండదు. అంకెలు పెడితే భూయజమాని బెదిరిపోతాడని అధికారులు అనుకుంటారు. నా అనుభవంలో అర్థంకాని మెత్తని మాటే మనిషిని ఎక్కువగా బెదిరిస్తుంది.

జాబితాలో రాయని పని ఏం చేయగలదో టెక్సస్‌లోని ఇసుక దిబ్బల బల్లి కథ చెబుతుంది. షిన్నరీ ఓక్ అనే పొట్టి చెట్ల వేళ్ళు పట్టి ఉంచిన దిబ్బల్లోనే బతికే ఈ బల్లిని జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదనను 2012లో ఉపసంహరించుకున్నారు. టెక్సస్, న్యూమెక్సికోల స్వచ్ఛంద ఒప్పందాలు దానికి ఒక ముఖ్య కారణం. టెక్సస్ ప్రణాళిక ప్రధానంగా చమురు, సహజవాయువు పనులను దృష్టిలో పెట్టుకుని అల్లినది. కొద్ది ఏళ్ళకే చమురు బావుల్లో రాతిని పగలగొట్టడానికి వాడే ఇసుక కోసం ఆ దిబ్బలనే తవ్వే గనులు వెలిశాయి. బావి కోసం వేసిన దారిని కాస్త పక్కకు జరపవచ్చు. దిబ్బనే లారీలకెత్తే పనికి పక్కకు జరిపే మార్గం ఏముంటుంది? ఆ పనిని కూడా కలుపుతూ తరువాత మరో ఒప్పందం వచ్చింది, కానీ 2024 మే నెలలో బల్లి జాబితాకెక్కింది. ఒప్పందం రాసేటప్పుడు ఇప్పటి పనులతో పాటు ఆ నేల కింద ఇంకా ఎవరూ కొనని సరుకు ఏముందో కూడా ఆలోచించాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

2024 వసంతంలో వచ్చిన కొత్త నియమాలు పైన చెప్పిన రెండు రకాలనూ కలిపి సంరక్షణ ప్రయోజన ఒప్పందం అనే ఒకే పేరు కిందికి తెచ్చాయి. దరఖాస్తు కొంత సులువైంది. పనుల జాబితా రాసే కష్టం మాత్రం తగ్గలేదు.

చివరగా, సంతకం పెట్టేవారు తప్పక చదవవలసిన ఒక పేరా భూమి చేతులు మారడం గురించి ఉంటుంది. పర్మిట్ భూమి వెంట దానంతట అదే రాదు. అమ్మే యజమాని ముందుగా తెలియజేయాలి, కొనేవారు అవే పనులను అదే పద్ధతిలో చేస్తామని ఒప్పుకుని తమ పేరున మార్పించుకోవాలి. అలా చేయని వారసుడికి తండ్రి పెంచిన ముదురు పైన్ చెట్లూ వాటి మీది తెల్లని జిగురూ దక్కుతాయి గాని, తొలి లెక్క ఇచ్చే రక్షణ దక్కదు.