లెక్కలో ఎక్కువైన జనం

తయారీ రంగపు సరుకుకు కోటి రూపాయల డిమాండ్ పెరిగితే సేవల రంగంలో ఎందరికి పని దొరుకుతుందో ఏ పరిశ్రమ ఏ పరిశ్రమ నుంచి ఎంత కొంటుందో చూపే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పద్ధతిలో లెక్కగట్టడం నా పరిశోధనాంశం. పెనుకొండ దగ్గర 2019లో కార్ల ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. కర్మాగారం గేటు దగ్గర కాపలా మనిషి కంపెనీ ఉద్యోగి అయితే తయారీ రంగం కిందికి వస్తాడు. అదే మనిషిని ఏజెన్సీ పంపితే పరిశ్రమల వర్గీకరణలో 80వ విభాగం, అంటే సేవల కిందికి పోతాడు.

140 ఉత్పత్తులు, 66 పరిశ్రమలతో ఉండే సప్లై-యూజ్ పట్టికలు (ఏ సరుకు ఎక్కడ తయారై ఎక్కడ వాడుకలోకి పోతుందో చూపేవి), పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే కార్మిక శక్తి సర్వే ఉపాధి వివరాలు కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైటులో ఉచితంగానే దొరికాయి. వాటితో 66 పరిశ్రమల మాత్రిక (అంకెల చదరం) తయారుచేసి, ఎక్సెల్‌లో విలోమం (ఇన్వర్స్) తీశాను. జిల్లా స్థాయి పట్టిక కోసం మాత్రం ఎవరూ ఆఫీసుల చుట్టూ తిరగవద్దు. అలాంటిది లేదన్న ఒక్క మాట చెప్పడానికి అనంతపురంలోని ఒక కార్యాలయం నన్ను మూడుసార్లు తిప్పింది.

అసలు అవమానం మొన్న మంగళవారం సమీక్షలో జరిగింది. నా చివరి పట్టికను చూస్తున్న ఆచార్యులు అట్టడుగు మొత్తం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఏమప్పా, దేశంలో పనిచేసే వాళ్ళకంటే నీ లెక్కలో ఎక్కువమంది ఉండారే, వీళ్ళంతా యాడ్నుంచి వచ్చినారు?" అని అడిగారు. వెనుక వరుసలో ఇద్దరు నవ్వారు. నా చేతిలోని టీ చల్లారిపోయింది గాని, జవాబు మాత్రం దొరకలేదు.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రి రెండింటికి తెలిసింది. ఈ పద్ధతిని రూపొందించిన ఆర్థికవేత్త లియాన్‌టీఫ్ పేరుతో పిలిచే ఆ విలోమంలోని ఒక్కో నిలువు వరుస, ఆ పరిశ్రమ సరుకుకు అంతిమ డిమాండ్ (ఇంకో సరుకు తయారీలో ఖర్చయిపోని కొనుగోళ్ళు) ఒక రూపాయి పెరిగితే అన్ని పరిశ్రమల్లో ఎంతెంత ఉత్పత్తి జరగాలో చెబుతుంది. కాబట్టి ఉపాధి గుణకాన్ని, అంటే ఆ రూపాయికి అన్ని పరిశ్రమల్లో కలిపి ఎంత ఉపాధో చెప్పే అంకెను, అంతిమ డిమాండ్‌తోనే గుణించాలి. నేనేమో మొత్తం ఉత్పత్తితో గుణించాను. అందువల్ల ఉక్కును మోసుకొచ్చిన లారీ డ్రైవరు ఉక్కు ఖాతాలో ఒకసారి, ఆ ఉక్కుతో తయారైన కారు ఖాతాలో ఇంకొకసారి లెక్కకొచ్చాడు. 1973లో లియాన్‌టీఫ్‌కు నోబెల్ తెచ్చిపెట్టిన పద్ధతిని తప్పుపట్టే ముందు గుణించినదేమిటో చూసుకోవాలన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎంఏలో విలోమం తీయడం నేర్పినవారు దాన్ని దేనితో గుణించాలో మాత్రం నేర్పలేదు.

సరిచేశాక అన్ని పరిశ్రమల మొత్తం, నేను మొదట వేసుకున్న ఉపాధి మొత్తంతో చివరి అంకె వరకు కలిసింది. మీరు పని మొదలుపెట్టిన రోజే ఈ సరిచూపు పెట్టుకోండి. దిగుమతులను విడదీయడం ఇంకా మిగిలే ఉంది. అది చేయకపోతే విదేశంలో విడిభాగాలు చేసినవారి పనిని కూడా మన ఖాతాలో వేసుకున్నట్టవుతుంది.

ఆ రోజు నవ్వినవారిలో ఒకరు నిన్న ఫోన్ చేసి నా ఎక్సెల్ ఫైలు అడిగారు. ఇంకా పంపలేదు.