ఏ పన్నో తేలకముందే డ్రిల్ పట్టొద్దు

"నరం పాడైంది, రూట్ కెనాల్ చేయాలి" అంటే నిర్ధారణ అయిపోయినట్టు కాదు. పన్ను లోపల పల్ప్ (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి కండ) ఎలా ఉంది? వేరు కొన చుట్టూ ఏం జరుగుతోంది? ఇవి రెండు ప్రశ్నలు. కేస్ షీట్‌లో జవాబులూ విడివిడిగా రాయాలి.

మన పేషెంట్ల మాటల్లోనే సగం దారి తెలుస్తుంది. చల్లనీళ్లకు "జివ్వుమంటోంది" అంటే పల్ప్ ఇంకా బతికే ఉందన్నమాట. "పడుకుంటే సలుపుతోంది, దానంతటదే వస్తోంది" అంటే అది కోలుకునే దశ దాటినట్టే. "కొరికితే పోటు" అంటే వాపు వేరు చుట్టూ చేరి ఉండొచ్చు, లేదా పన్ను చీలి ఉండొచ్చు. కానీ పేషెంట్ వేలు పెట్టి చూపించిన పన్నును మాత్రం వెంటనే నమ్మకండి. నొప్పి పల్ప్‌లోనే ఉన్నంతకాలం అది ఎక్కడిదో మనిషికి సరిగ్గా తెలియదు. పై పన్ను నొప్పి అదే వైపు కింది పన్నులో ఉన్నట్టు అనిపించొచ్చు.

అందుకే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది చల్లదనం పరీక్ష. పన్ను చుట్టూ దూది పెట్టి, బాగా ఆరబెట్టండి. ఐస్ ముక్క వాడితే నీళ్లు కారి పక్క పన్నో చిగురో జివ్వుమంటుంది, మీరు మోసపోతారు. కోల్డ్ స్ప్రే మేలు. దాన్ని కొట్టే దూది ఉండ మరీ చిన్నదైతే చల్లదనం నిలవదు, బతికున్న పన్ను కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. ముందు అవతలి వైపున్న మంచి పన్ను మీద చేసి చూపించండి. "తెలియగానే చెయ్యి ఎత్తండి, పూర్తిగా తగ్గాక దించండి" అని చెప్పి సెకన్లు లెక్కపెట్టండి. మంచి పన్నులో దూది తీసిన 1-2 సెకన్లకే తగ్గుతుంది. 30 సెకన్లయినా చెయ్యి దిగకపోతే ఆ పల్ప్ ఇక కోలుకోదనే అనుకోవాలి. అసలు చెయ్యే ఎత్తకపోతే? చచ్చిందని అప్పుడే రాసేయకండి. క్యాప్ ఉన్న పన్ను, లోపలి పల్ప్ కాలువ పూడిపోయిన ముసలివాళ్ల పన్ను, ఈమధ్యే దెబ్బ తగిలిన పన్ను కూడా పలకవు.

తట్టి చూడటం మౌత్ మిర్రర్ పిడితో, మంచి పన్ను నుంచే మొదలుపెట్టి. వేలితో నొక్కితేనే ఉలిక్కిపడేవాళ్లను తట్టొద్దు.

ఎక్స్-రే శుభ్రంగా ఉందని ధీమా వద్దు. ఎముకలో ఖనిజం దాదాపు 30-50 శాతం పోతేగానీ నల్లమచ్చ కనబడదు. కింది ప్రీమోలార్ (కోరపన్ను వెనకుండే చిన్న దవడపన్ను) వేరు కొన దగ్గర కనిపించే నల్లమచ్చ నరం బయటికొచ్చే సహజమైన రంధ్రమే కావచ్చు. చల్లదనానికి ఆ పన్ను మామూలుగా పలికితే దాని జోలికి వెళ్లొద్దు. చిగురు మీద చీముపొక్కు ఉంటే 25 లేదా 30 సైజు గట్టాపెర్చా పాయింట్‌ను (ఎక్స్-రేలో కనిపించే సన్నని రబ్బరులాంటి పుల్ల) దాని రంధ్రంలోకి అడ్డు తగిలేదాకా మెల్లగా జొనిపి ఎక్స్-రే తీయండి. ఒక్కోసారి పొక్కు ఒక పన్ను పక్కన ఉంటుంది, పాయింట్ వెళ్లి ఇంకో పన్ను వేరు దగ్గర ఆగుతుంది.

పై దవడ పళ్లు మూడు నాలుగు ఒకేసారి తడితే నొప్పిగా ఉండి, అన్నీ చల్లదనానికి మామూలుగా పలికి, ముందుకు వంగితే ముఖంలో బరువు పెరుగుతుంటే అది సైనస్ (పై పళ్ల వేర్ల పైనుండే గాలి గది) వాపు కావచ్చు. ఆ రోజు ఏ పన్నూ తెరవకండి.