మిత్ర పురుగులు, శత్రు పురుగులు: మా ఊరి పోస్టరు ఇలా తయారైంది

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు ఒక పల్లె. పొలంలో మేలు చేసే పురుగులు, కీడు చేసే పురుగుల మీద కళాశాల ప్రదర్శనకు పోస్టరు వేయమన్నారు. ప్రదర్శన అయ్యాక దాన్ని మా ఊరి రైతు సేవా కేంద్రం గోడకు అతికించాలని ముందే నిశ్చయించుకున్నాను. దాంతో పని తీరే మారిపోయింది. మార్కులకైతే చార్టును నిలువునా రెండు భాగాలు చేసి, అటు మంచివి, ఇటు చెడ్డవి అతికిస్తే సరిపోతుంది. పొలంలో అవి అలా విడివిడిగా ఉండవు. ఒకే దుబ్బులో, ఒకే ఆకు మీద కలిసి తిరుగుతాయి. అందుకే చూపు తికమకపడే పురుగులను జంటలుగా పక్కపక్కన గీశాను.

మొదటి జంటకే ఎక్కువ సమయం పట్టింది. పేనుబంకను తినే అక్షింతల పురుగు మిత్ర పురుగని అందరూ చదువుకున్నదే. కానీ వంగ ఆకులో పచ్చదనాన్ని గీకి తిని ఈనెలు మాత్రం మిగిల్చే పురుగు కూడా అలాగే గుండ్రంగా, చుక్కలతో ఉంటుంది. మా పెరట్లో రెండూ దొరికాయి. భూతద్దంలో చూస్తే మిత్ర పురుగు వీపు నున్నగా మెరుస్తుంది. వంగను తినేదాని వీపు మీద సన్నటి నూగు ఉంటుంది కనుక ఆ మెరుపు రాదు. పిల్ల పురుగుల్లో తేడా ఇంకా స్పష్టం. వంగను తినేది పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. మిత్ర పురుగు పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా ఉండి చురుగ్గా పరుగెడుతుంది. దాని రూపానికి భయపడి నలిపేసేవారే ఎక్కువ. బొమ్మ చూసి మా అమ్మ, "ఇన్నాళ్లూ దీన్నే చంపుతున్నామా?" అని బాధపడింది. అందుకే పెద్ద పురుగు కంటే పిల్ల పురుగునే పెద్దదిగా గీశాను. పోస్టరు మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన బొమ్మ అదే.

వరి కోసం బాబాయి మడిలో దిగాను. సుడిదోమ నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. అక్కడే ఆకుపచ్చటి మిరిడ్ నల్లి తిరుగుతూ దోమ గుడ్లను పీల్చేస్తుంది. దాని తల నల్లగా, మీసాలు పొడవుగా ఉంటాయి. బాబాయి దృష్టిలో రెండూ దోమలే. "అన్నిటికీ కలిపి మందు కొట్టేస్తాం కదమ్మా" అన్నాడు. అలా కొడితే నల్లులు, సాలీళ్లు చచ్చిపోతాయి. మొక్క కణజాలం లోపల పెట్టిన దోమ గుడ్లు మాత్రం తప్పించుకుంటాయి. అవి పిల్లలయ్యేసరికి తినేవే ఉండవు. ఈ సంగతి బాబాయికి చెప్పాను, పోస్టరులోనూ పెద్ద అక్షరాలతో రాశాను. సాలీడుకు ఎనిమిది కాళ్లు, అది కీటకం కాదు. అయినా వదిలేయడానికి మనసొప్పక, "కీటకం కాదు, రైతు నేస్తమే" అని వేరే గడిలో పెట్టాను.

కాండం తొలిచే పురుగు విషయంలో రైతుకు ముందు కనిపించేది పురుగు కాదు, ఎండిన మొవ్వ, తర్వాత తెల్లకంకి. కాబట్టి మొదట అవే గీసి, తర్వాత ఒక్కో ముందు రెక్క మీద ఒక్కో నల్లచుక్క ఉన్న పసుపు రంగు ఆడ రెక్కల పురుగును, ఆకు కొనన నూగు కప్పిన గుడ్ల సముదాయాన్ని గీశాను. నారు కొనలు తుంచి నాటితే ఆ గుడ్లు పోతాయని రాయమని గ్రామ వ్యవసాయ సహాయకురాలు సూచించారు. వరి పిలకను ఆశించే ఉల్లికోడు పురుగుకూ అంతే, ఉల్లికాడలా మారిన పిలక బొమ్మే ముందు.

ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ బొమ్మ చాలా ఇబ్బంది పెట్టింది. ఆ పరాన్నజీవి పొడవు సుమారు అర మిల్లీమీటరే. పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టి, దాన్ని లోపలే నాశనం చేస్తుంది. అసలు పరిమాణాన్ని పెన్నుతో చుక్కగా పెట్టి, పక్కన పెద్ద బొమ్మ వేశాను. మిగతా బొమ్మల పక్కన కూడా అసలు పొడవు చూపే గీత ఉంచాను.

గోడకు అతికించాక మొక్కజొన్న వేసే రైతులు తమ పంట ఏదని అడిగారు. వారడిగింది న్యాయమే. 2018లో దేశంలో బయటపడిన కత్తెర పురుగు వారికి పెద్ద బెడద. తల మీద తిరగేసిన ఆంగ్ల వై అక్షరం గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు దాని ఆనవాళ్లు. రబీ మొక్కజొన్న మొలకెత్తేలోగా ఆ చార్టు కూడా సిద్ధం చేస్తున్నాను.